అక్క చంక, అవ్వ ఒడి

పగిడ్యాల, నందికొట్కూరు, ఆళ్లగడ్డ వైపు పాత ఓటర్ల జాబితా ఏదైనా తిరగేస్తే పెద్ద మద్దిలేటి, నడిపి మద్దిలేటి, చిన్న మద్దిలేటి ఒకే ఇంటి నంబరు కింద వరసగా కనిపిస్తారు. పక్కింట్లో పెద్ద ఓబులమ్మ, చిన్న ఓబులమ్మ. ఆ వెనక ఇంట్లో పెద్ద హుసేనయ్య, చిన్న హుసేనయ్య. బేతంచెర్ల కొండల్లోని మద్దిలేటి స్వామికో, అహోబిలం నరసింహునికో, ఊరి పీర్లకో మొక్కుకున్నాక బిడ్డ పుడితే ఆ పేరు పెట్టుకున్నారు. మొక్కిన దేవుడు ఒక్కడే కాబట్టి వెనకాల పుట్టిన బిడ్డకూ అదే పేరు. ముందు ఒక ‘పెద్ద’, ఒక ‘చిన్న’ చేర్చితే సరిపోయేది. పోస్టు పంచేవాడి అవస్థ వాడిది.

అదే జాబితాలో ఇంకో రకం పేర్లుంటాయి. పుల్లయ్య, పెంటయ్య, కుప్పమ్మ. ముందు పుట్టినవాళ్ళు దక్కని ఇంట్లో తర్వాతి బిడ్డను ఎంగిలి విస్తర్ల మీదో చెత్తకుప్ప మీదో ఓ క్షణం పడుకోబెట్టి, తిరిగి ఎత్తుకుని ఇలాంటి పేరు పెట్టేవారు. పారేసిన బిడ్డ అనుకుని చావు కన్నెత్తి చూడదని ఆశ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు రాజధానిలో పుట్టిన ప్రతి ఐదుగురు పిల్లల్లో దాదాపు ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. కాబట్టి ఆ కాలపు అన్నకూ తమ్ముడికీ నడుమ నాలుగేళ్ళ తేడా కనిపిస్తే, మధ్యలో పేరు కూడా పెట్టని ఒక కాన్పు ఉండి ఉండొచ్చని ఊళ్ళో ముసలివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒకరి వెంట ఒకరుగా పుట్టిన పసిపిల్లల్ని సాకడం పాతకాలపు కష్టమని, ఇద్దరితో సరిపెట్టుకుంటున్న ఈ రోజుల్లో అది తీరిపోయిందని మామూలుగా అనుకుంటారు. నంద్యాల సీమ గత నూటయాభై ఏళ్ళ కథ వేరుగా ఉంది. పిల్లల సంఖ్య తగ్గిన మాట నిజమే. ఇద్దరి మధ్య ఎడం మాత్రం పెరగలేదు. పెంచే చేతులే ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి.

పాత ఎడం ఎక్కువగా తల్లిపాలవల్ల వచ్చిందే. జొన్న సంగటి, కొర్రబువ్వ తిని పొలం పనికి పోయే తల్లి బిడ్డకు రెండేళ్ళు, ఒక్కోసారి మూడో ఏడు వచ్చేదాకా పాలిచ్చేది. రాత్రీ పగలూ బిడ్డ రొమ్ము పట్టుకున్నన్నాళ్ళు చాలామందికి నెలసరి రాదు, కడుపు నిలవదు. 1988లో ఇటలీలోని బెలాజియోలో కూర్చున్న శాస్త్రవేత్తలు తొలి ఆరు నెలల వరకు దీనికి లెక్క కట్టారు. తల్లిపాలు తప్ప వేరే ఏదీ పెట్టకుండా, నెలసరి రాకుండా ఉంటే నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు గర్భం రాదని తేల్చారు. అవ్వలకు శాతాలు తెలియవు గానీ ఆ సంగతి తెలుసు. 1992-93లో జరిగిన తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద రెండు కాన్పుల నడుమ మధ్యస్థంగా రెండున్నరేళ్ళకు కాస్త అటూ ఇటూగా ఎడం కనిపించింది.

ఆ ఎడం తప్పినప్పుడే ఇంట్లో గొడవ మొదలయ్యేది. కడుపుతో ఉన్న తల్లి పాలు చంకబిడ్డకు పడవని, తాగితే విరేచనాలు పట్టుకుంటాయని గట్టి నమ్మకం. నెల తప్పిందని తెలియగానే వేపాకు నూరి రొమ్ముకు పూసేవారు, లేదంటే ముసాంబరం అరగదీసి రాసేవారు. బిడ్డ అలవాటు ప్రకారం నోరు పెట్టడం, చేదుకు ముఖం చిట్లించి ఏడవడం, తల్లి ఇటు తిరిగి పడుకోవడం, అవ్వ వచ్చి ఎత్తుకుపోవడం, ఇదంతా ఒకటి రెండు రాత్రుల పని. ఆ పైన బిడ్డ పడక అవ్వ పక్కలోకి మారిపోయేది. నోటికి పాలకు బదులు బెల్లం కలిపిన సంగటి ముద్ద. నిన్నటిదాకా పసివాడు, నేడు ‘పెద్దోడు’. అప్పటికి వాడికి ఏడాదిన్నర కూడా నిండి ఉండదు.

ఈ ‘పెద్దోడి’ మీదే వైద్యశాస్త్రం ఒక అధ్యాయం రాసుకుంది. 1930లలో పశ్చిమాఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు కాళ్ళు వాచి, చర్మం పొరలుగా ఊడి, జుట్టు రంగు మారిన పిల్లలను చూసింది. చాలామంది ఒకటి నుంచి నాలుగేళ్ళ లోపు వాళ్ళు. తర్వాతి బిడ్డ రాగానే ముందు బిడ్డకు పట్టుకునే జబ్బు ఇది అని అక్కడి తల్లులు ఆమెకు చెప్పారు. క్వాషియోర్కర్ అనే పేరు ఆ తల్లుల నోటి నుంచి వచ్చిందే. కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు మారిన పోషకాహార పరిశోధన సంస్థ, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, తెలుగు పల్లెల్లో ఇలాంటి పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ‘హైదరాబాద్ మిక్స్’ అని పేరుపడ్డ పిండి అక్కడ తయారైందే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేయించిన వేరుశనగ 10, చక్కెర గానీ బెల్లం గానీ 20. మొత్తం 86 గ్రాముల్లో 330 క్యాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు. బుడ్డలు, పప్పులు, బెల్లం కలిపి దంచి చిమ్మిరి ఉండలు చేసే నంద్యాల సీమ అవ్వలకు అందులో కొత్తగా తోచేది గోధుమ ఒక్కటే.

తిండి దొరికే ఏళ్ళ సంగతి ఇది. దొరకని ఏళ్ళూ ఇక్కడ తక్కువేమీ కాదు. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టి నిలబడ్డాడు. విక్టోరియా రాణి పేర బంగారు పతకం కూడా వచ్చింది. పదేళ్ళకు 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. 1871కీ 1881కీ నడుమ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. అలాంటప్పుడు ఇద్దరు పసివాళ్ళున్న తల్లికి గంజి కేంద్రం దాకా నడవడమే ఒక ప్రయాణం. ఒకరిని చంకనేసుకోవచ్చు. రెండోవాణ్ణి నడిపించాలి, లేదా ఎవరికో అప్పగించి పోవాలి. 1952 కరువులోనూ రాయలసీమ అంతటా గంజి కేంద్రాలు తెరిచారు, ఇదే కష్టం మళ్ళీ వచ్చింది.

కాలువ వచ్చాక కరువు కొంత తగ్గింది, పని పెరిగింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్వించిన కర్నూలు-కడప కాలువ నందికొట్కూరు, నంద్యాల తాలూకాల మీదుగా పోతుంది. నష్టాల్లో పడ్డ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. జొన్న చేనులో ఆడమనిషి మధ్యలో కూర్చుని బిడ్డకు పాలివ్వగలదు. వరినాటులో అలా కుదరదు. వరస కట్టి నాటేటప్పుడు ఒకరు ఆగితే గుంపంతా ఆగుతుంది. బురదలోకి బిడ్డను తీసుకుపోలేరు. అందుకే గట్టు మీద వేపచెట్టో తుమ్మచెట్టో ఉంటే దానికి చీర ఉయ్యాల పడేది.

ఆ ఉయ్యాల కట్టడంలో పనితనం ఉంది. కొత్త చీర జారుతుంది, పాత నేతచీరే కావాలి. మడత పెట్టి రెండు కొసలూ కలిపి తాడుకు ముడివేస్తారు. చీర రెండు అంచులూ మూసుకుపోయి బిడ్డకు ఊపిరాడకుండా పోతుందని పైన అడ్డంగా ఒక జానెడు కర్ర దూరుస్తారు. కింద వేలాడే పోగుకు ఇంకో తాడు కడతారు. ఇంట్లో అయితే దూలానికి కట్టిన ఉయ్యాల తాడు రెండో కొస ఏడెనిమిదేళ్ళ అక్క కాలి బొటనవేలికి చుట్టి ఉంటుంది. ఆ పిల్ల అచ్చనగండ్లు ఆడుకుంటూనో, బియ్యంలో రాళ్ళేరుకుంటూనో మధ్యమధ్య కాలు ఆడిస్తుంది. ఉయ్యాల ఊగుతుంది. అది ఆగితే ఏడుపు మొదలవుతుంది. ఉయ్యాల ఇంటికి ఒకటే. కొత్త బిడ్డ వచ్చిన రోజు అది చేతులు మారుతుంది. పాత యజమాని దాని పక్కన నిలబడి తాడు లాగబోయి తిట్లు తింటాడు.

అసలు పెంపకం చేసింది ఆ అక్కే. నడుము ఒక పక్కకు విరిచి, తనలో సగం బరువున్న తమ్ముణ్ణి చంకనేసుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకుని వీధిలో తిరిగే పిల్ల ఏ ఊళ్ళో చూసినా కనిపించేది. ముక్కు తుడవడం, బువ్వ పెట్టడం, మధ్యాహ్నం ఎండలో పొలం దాకా మోసుకుపోయి తల్లి చేత పాలు తాగించి తిరిగి తేవడం ఆ పిల్ల పనే. కూలి లేదు, లెక్కలోకీ రాదు. జనాభా లెక్కల్లో ఆ పిల్ల పని చేసేది కాదు, బడికి పోయేదీ కాదు, ఏ గడిలోనూ పడేది కాదు. తమ్ముడు నడక నేర్చేసరికి ఇంకో చెల్లి వచ్చేది. అలా అక్క బాల్యం వరసగా ముగ్గురి చేతుల్లోకి పోయేది.

1990లలో కథ ఇంకాస్త చెడ్డది. నంద్యాల విత్తన కంపెనీలకు పెట్టింది పేరు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం సాగు విస్తరించినప్పుడు, పువ్వు పువ్వుకూ చేత్తో పరపరాగ సంపర్కం చేయడానికి ఏడు నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలను పనిలో పెట్టారు. అంటే సరిగ్గా ఈ అక్కల్నే. బాలకార్మికుల మీద పరిశోధనలు, ఆందోళనలు చాలా జరిగాయి. కానీ అక్క చేలోకి పోయాక ఇంట్లో ఏడాదిన్నర, మూడేళ్ళ పిల్లలిద్దర్నీ ఎవరు చూశారన్న ప్రశ్న ఎక్కువమంది అడగలేదు.

అంతకు చాలా ముందే అడిగినవాళ్ళు లేకపోలేదు. మహారాష్ట్రలోని బోర్డీలో 1945లో బాలవాడి మొదలుపెట్టి, 1957లో కోస్‌బాడ్‌కు మార్చిన తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ అక్కడి గిరిజన ఆడపిల్లలు బడికి రాకపోవడానికి కారణం తమ్ముళ్ళు, చెల్లెళ్ళేనని గమనించారు. పసివాళ్ళ కేంద్రం, బాలవాడి, ప్రాథమిక పాఠశాల ఒకే చోట నడిపి, ఇంటిల్లిపాది పిల్లలనూ కలిపి తెచ్చుకోమన్నారు. పెద్ద చదువుకుంటుంది, నడిపిది ఆడుకుంటుంది, చిన్నది నిద్రపోతుంది. ఇళ్ళ వాకిళ్ళలోనే పిల్లల్ని చేర్చి నడిపే పద్ధతికి అంగన్‌వాడీ అన్న పేరు పెట్టిందీ వాళ్ళే. 1975 అక్టోబరు 2న కేంద్రం సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టినప్పుడు ఆ పేరు దేశమంతా పాకింది. ఒకే కప్పు కింద మూడు వయసులనూ ఉంచాలన్న వాళ్ళ ఆలోచన మాత్రం పేరుతో పాటు రాలేదు.

మన పల్లెబడుల్లో మాత్రం ఆ ఆలోచనకు నాటు రూపం ఉండేది. చంకలో తమ్ముడితో వచ్చిన పిల్లను మంచి పంతులు లోపలికి రానిచ్చేవాడు. చిన్నవాడు పలక నాకుతూ వెనక వరసలో కూర్చునేవాడు. కొన్నాళ్ళకు వాడి పేరూ హాజరు పట్టీలో ఎక్కేది, అదే తరగతిలో. పుట్టిన తేదీలు పంతులు చేతిరాతలో పుట్టేవి గనుక, రికార్డు ప్రకారం అక్కకూ తమ్ముడికీ అయిదారు నెలలే తేడా ఉన్న ఇళ్ళు రాయలసీమలో ఇప్పటికీ ఉన్నాయి. ఉద్యోగానికి దరఖాస్తు చేసినప్పుడే ఆ తమాషా బయటపడేది.

అక్క లేని ఇంట్లో అవ్వ ఉండేది. తొలికాన్పు పుట్టింట్లో, తరచు మలికాన్పూ అక్కడే. రెండో బిడ్డతో తల్లి అత్తగారింటికి తిరిగొచ్చేటప్పుడు మొదటి బిడ్డను అమ్మమ్మ దగ్గరే వదిలిపెట్టడం మామూలు. “కొన్నాళ్ళు ఈడ నేను సూసుకుంటాలే, నువ్వు పో” అని అవ్వ అంటుంది. ఆ ‘కొన్నాళ్ళు’ నాలుగైదేళ్ళు సాగేది. ఇద్దరు పసివాళ్ళను ఒక్క ఇంట్లో పెంచలేని చోట రెండు ఊళ్ళు కలిసి పెంచేవి. అలా పెరిగినవాళ్ళు బడి వయసులో తల్లి దగ్గరికి వచ్చి, ఆమెను కొన్ని నెలలు పేరు పెట్టి పిలిచేవారు.

మొక్కులకూ ఈ దగ్గరి కాన్పుల చిక్కు తగిలేది. తల్లి కడుపుతో ఉండగా బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించకూడదంటారు. సరిసంఖ్య ఏడాది పనికిరాదంటారు. అలా వాయిదా పడి పెద్దోడి జుట్టు జడ వేసే దాకా పెరిగేది. చివరికి చిన్నోడికి నెలలు కుదిరినప్పుడు ఇద్దర్నీ ఒకే బండిలో అహోబిలమో మహానందో తీసుకుపోయి, ఒకే పూట ఇద్దరికీ గుండ్లు చేయించేవారు. అక్షరాభ్యాసం కూడా అంతే. పగిడ్యాల వైపువాళ్ళకు నల్లమల అంచున కొత్తపల్లె మండలంలో కొలనుభారతి సరస్వతి గుడి ఉంది, వసంత పంచమికి ఇద్దరి పలకలూ అక్కడే పెట్టించవచ్చు. ఖర్చు ఒక్కసారే. పెద్దలు ఇందులో లాభమే చూశారు.

ఆ రెండు ఊళ్ళ పెంపకానికి ఈ ప్రాంతంలో పెద్ద దెబ్బ 1981లో తగిలింది. శ్రీశైలం జలాశయం నింపేందుకు ఆ వేసవిలో నందికొట్కూరు, ఆత్మకూరు తాలూకాల్లోని కృష్ణాతీరపు ఊళ్ళను ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి మునిగిన గ్రామాలు వందకు పైనే. పగిడ్యాల మండలం ఇవాళ ఆ జలాశయం వెనకనీటి ఒడ్డునే ఉంది. నష్టపరిహారం ఇళ్ళకు, భూములకు కట్టారు. పక్క వీధిలో ఉన్న పిన్నమ్మకు, మూడు మైళ్ళ దూరంలోని పుట్టింటికి పరిహారం ఏ ఫారంలోనూ లేదు. ఒక్కో ఇల్లు ఒక్కో దిక్కుకు పోయింది. పసిపిల్లల్ని దగ్గరికి తీసే చేతులు అలా చెదిరిపోయాయి.

ఇంతలో ఎర్ర త్రికోణం వచ్చింది. దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే మొదలైనా పల్లె గోడల మీదికి ఆ గుర్తు ఎక్కింది 1960ల చివర్లో. ‘ఇద్దరు లేక ముగ్గురు చాలు’ అన్నారు, తర్వాత ‘ఇద్దరే’ అన్నారు. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, ఎక్కువ మగవాళ్ళకు. ఆ రోత తర్వాత మగవాళ్ళు తప్పుకున్నారు. భారమంతా ఆడవాళ్ళ మీద పడింది. కు.ని. క్యాంపు ఉందంటే ఏఎన్ఎం జీపులో ఎక్కించుకుని పోయేది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి కన్నవాళ్ళను స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హుల్ని చేసింది. 1997లో రాష్ట్రం సొంత జనాభా విధానం ప్రకటించింది. ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1992-93లో 2.6 ఉండగా, 2005-06 నాటికి 1.8కి దిగాయి. ధనిక దేశాలు శతాబ్దం పట్టి చేరిన చోటికి రాష్ట్రం ఒక తరంలో చేరిందని మెచ్చుకున్నారు.

మెచ్చుకోవాల్సిందే. కానీ ఎలా చేరింది? పదహారు, పదిహేడేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిదికి మొదటి బిడ్డ, ఇరవైకి రెండో బిడ్డ, ఆ మంచం మీదే ఆపరేషన్ మాట. ఆపరేషన్ చేయించుకునే సగటు వయసు ఆంధ్రలో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ దగ్గరే ఉండిపోయింది. సబు పద్మదాస్, ఇంగె హట్టర్, ఫ్రాన్స్ విలెకెన్స్ 2004లో ఆంధ్రప్రదేశ్ స్త్రీల మీద వేసిన పరిశోధనాపత్రం చెప్పిందీ ఇదే. మొదటి కాన్పుకీ ఆపరేషన్‌కీ మధ్య కాలం కుంచించుకుపోయింది. 2019-21 సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు డెబ్బై మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. లూప్, మాత్రలు, నిరోధ్ వంటివి వాడేవారు అంతా కలిపినా నూటికి ఇద్దరు లేరు. అంటే కాన్పులు ఆపడం నేర్పారు, ఎడం పెట్టడం నేర్పలేదు. ఒక కాన్పు తర్వాత మళ్ళీ గర్భానికి కనీసం రెండేళ్ళు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2005లో సిఫారసు చేశారు. ఇక్కడి లెక్కేమో ఇద్దర్నీ త్వరగా కని ముగించుకోవడం. ఆడమనిషి కూలికి తిరిగి వెళ్ళాలి కాబట్టి అది తెలివితక్కువ లెక్క కూడా కాదు.

ఫలితంగా ఇప్పటి నంద్యాల జిల్లా ఊళ్ళో ఇరవై రెండేళ్ళ తల్లికి మూడేళ్ళ లోపు పిల్లలు ఇద్దరు. ఆ ఇద్దరి పైన అక్క అంటూ ఎవరూ లేరు, మొదటి బిడ్డే పెద్ద బిడ్డ. అవ్వకు నలభై ఐదేళ్ళు, ఆమే మిరప కోతకు, పత్తి తీతకు పోతుంది. ఆడపిల్లలు బడికి పోతున్నారు, అది ఎవరూ వెనక్కి తిప్పకూడని మంచి. ఆ మంచివల్ల ఖాళీ అయిన చోటులోకి ఎవరు రావాలో మాత్రం తేలలేదు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. కానీ పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళు నిండినవాళ్ళకు. ఏడు నెలల నుంచి మూడేళ్ళ లోపు బిడ్డకు ఇంటికి రేషన్ ఇస్తారు, బిడ్డను ఉంచుకోరు. కాబట్టి దగ్గర దగ్గరగా పుట్టిన ఇద్దరిలో పెద్దది గుమ్మం లోపల, చిన్నది తల్లి చంకలో. అదీ పూటపని, నాట్ల వేళలతో కలవదు. 2005 ఉపాధి హామీ చట్టం మాత్రం ఈ చిక్కును గుర్తించింది. పని చోటికి ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు గానీ అంతకు మించి గానీ వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసుకుంది. మట్టిపని జరిగే చోట నీడలో పిల్లల్ని చూసుకునే ఆ మనిషి కనిపించడం మాత్రం అరుదు. నగదు పథకాల్లోనూ లెక్కలు మారుతూ వచ్చాయి. 2020లో మొదలైన అమ్మ ఒడి బడికి పోయే పిల్లలు ఎందరున్నా తల్లికి ఒకే మొత్తం ఇచ్చింది, 2025లో వచ్చిన తల్లికి వందనం ప్రతి బిడ్డకూ లెక్క కట్టింది. రెండూ బడి వయసు పిల్లలవే. అసలు బరువు మోసే మొదటి మూడేళ్ళకు రెండిట్లోనూ చోటు లేదు.

2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. ముప్పై ఏళ్ళ కింద వద్దన్న ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. మూడో బిడ్డ గురించి మాట్లాడే నాయకులు పగిడ్యాల మండలంలోనైనా, ఆళ్లగడ్డ మండలంలోనైనా ఒక పని చేయాలి. పగటిపూట కూలికి పోయే తల్లి తన ఏడాది బిడ్డను దించి పోగల గది, చూసుకునే మనిషి ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో లెక్క తీసి, ఆ సంఖ్యను పంచాయతీ గోడ మీద రాయించాలి.